ఇన్నయ్య విరిచిన మాటలు

ఇన్నయ్యకు ఇటాలియన్ మాటలన్నీ వచ్చు. ఇటాలియన్ మాట్లాడటమే రాదు.

ఇదేం విడ్డూరం అనకండి. కొల్లేటి గట్టున, ఏలూరికి కాస్త ఎడంగా, ఒక చిన్న గురువిద్యాలయం ఉండేది. చర్చిలో గురువులు కాబోయే కుర్రాళ్ళు అక్కడే ఉండి చదువుకునేవాళ్ళు. వాళ్ళలో ఇన్నయ్యంత తెలివైనవాడు లేడు. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు కూడా ఇన్నయ్యే.

ఆ ఏడు బిషప్పుగారు ఒక కుర్రాణ్ణి రోముకు పంపి చదివిద్దామనుకున్నారు. ఇన్నయ్య పేరు వచ్చింది. అయితే చిన్న మెలిక ఉంది. రోము నుంచి ఒక పెద్ద గురువు వస్తారు, కుర్రాడితో కాసేపు ఇటాలియన్‌లో మాట్లాడతారు. మాట్లాడగలిగితే విమానం ఎక్కుతాడు. లేకపోతే ఆ చోటు ఇంకో ఊరి గురువిద్యాలయానికి పోతుంది. మళ్ళీ ఈ గట్టు వైపు ఎప్పుడు చూస్తారో ఎవరూ చెప్పలేరు.

ఇన్నయ్య తల్లి అప్పటికే ఊళ్ళో అందరికీ చెప్పేసుకుంది. కొడుకు పోపుగారి ఊళ్ళో చదవబోతున్నాడని పాలవాడికి చెప్పింది, చాకలికి చెప్పింది, చెరువులో మునిగే గేదెకు కూడా చెప్పే ఉంటుంది. ఇక వెనక్కి తగ్గడానికి దారి లేదు.

ఇటాలియన్ నేర్పే బాధ్యత జెర్వాసియో స్వామిది. ఆయన ఇటలీలో మంచుకొండల కింద ఏదో పల్లెలో పుట్టి, వయసులో ఉండగా కొల్లేటికి వచ్చి, ఇక్కడే ముసలివారయ్యారు. జనానికి ఆ పేరు పట్టుబడక జర్వాసి సామి అనేవారు. తెలుగు మాట్లాడితే గట్టు మీద చేపలమ్మే ఆడవాళ్ళు మాట్లాడినట్టే ఉండేది. ఎందుకుండదు, ఆయన నేర్చుకున్నది వాళ్ళ దగ్గరే.

మొదట్లో పాఠాలు జోరుగా సాగాయి. ఇన్నయ్యకు తెలుగు ఛందస్సంటే ప్రాణం. బస్సు మీద ఊరిపేరు కనిపించినా సరే, వేళ్ళ కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ గణాలు విడదీసేవాడు. అలాంటివాడికి ఇటాలియన్ మాటలు దొరికాయి. ఇంకేం కావాలి?

మనం 'అక్క'ను విరిస్తే అ, క్క అని విరుస్తాం. వాళ్ళు నోటిని బొక్క అంటారు. దాన్ని విరిస్తే బొక్, క. ఒక హల్లు ఇటు, ఒక హల్లు అటు. జంట హల్లును అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు సమంగా పంచేస్తారన్నమాట. అదే 'పాస్తా' అయితే మళ్ళీ పా, స్తా. అక్కడ పంపకం లేదు. ఈ తేడాలన్నీ ఇన్నయ్య వారం తిరక్కుండా పట్టేశాడు.

ఇక మాటల ముందు చేరే ముక్కలంటే వాడికి పండగే. మనకు చారం ముందు ఆ చేరిస్తే ఆచారం, ప్ర చేరిస్తే ప్రచారం, వి చేరిస్తే విచారం. వాళ్ళకూ అంతే. ఫారె అంటే చేయడం, రిఫారె అంటే మళ్ళీ చేయడం. లెగారె అంటే కట్టడం, ముందు ఒక్క స్ తగిలిస్తే స్లెగారె, విప్పడం. కోంతెంతో అంటే సంతోషంగా ఉన్నవాడు, స్కోంతెంతో అంటే మొహం మాడ్చుకున్నవాడు.

ఇన్నయ్య కనిపించిన ప్రతి మాటకూ తల నరకడం మొదలుపెట్టాడు. ఒకరోజు భోజనాల దగ్గర అన్నాన్ని ఇటాలియన్‌లో రీసో అంటారని స్వామి చెప్పారు. ఇన్నయ్య కళ్ళు మెరిశాయి.

"స్వామీ, రి అంటే మళ్ళీ. సో అంటే నాకు తెలుసు. మరి రీసో అంటే నాకు మళ్ళీ తెలిసింది అని గదా!"

వడ్డిస్తున్న తెరేజమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్కడ వంట ఆవిడదే. "అన్నం పెడుతుంటే తెలియడమేంటి బ్రదర్? ఇన్నాళ్ళూ తెలియకుండానే తిన్నావా?" అంది.

స్వామి నవ్వలేదు. "మళ్ళీ తెలిసింది కదా. మళ్ళీ కాస్త పెట్టించుకో" అన్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా నోరు తెరవాల్సి వచ్చినప్పుడే.

పొద్దున్నే వంగతోటకు నీళ్ళు పోయడానికి వెళ్తూ స్వామి అడిగేవారు. "కోమె స్తాయ్, ఇన్నయ్యా?" ఎలా ఉన్నావురా అని.

ఇన్నయ్య నిలబడిపోయేవాడు. కళ్ళు సగం మూసుకునేవాడు. బొటనవేలు కణుపుల మీద నడిచేది. ఏ మాట వాడాలి, దాని ముందు ముక్క ఏది, దాన్ని ఎక్కడ విరిచి ఎక్కడ నొక్కి పలకాలి అని లోపల పెద్ద వడ్రంగం సాగేది. స్వామి నూతిలోంచి నీళ్ళు తోడేవారు. పాదులన్నిటికీ పోసేవారు. పురుగు పట్టిన కాయలు ఏరి పారేసేవారు. అప్పుడు వచ్చేది జవాబు.

"స్తో... బె... నె."

"బాగున్నావా? నిన్నటి సంగతా, ఇవాళ్టి సంగతా?" అనేవారు స్వామి, ఖాళీ బిందె చంకనెత్తుకుంటూ.

పరీక్ష దగ్గరపడింది. స్వామి ఒక సాయంత్రం కుర్చీ వేసుకుని, తానే రోము నుంచి వచ్చిన పెద్ద గురువునన్నట్టు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. రాత్రి బాగా నిద్రపట్టిందా అని ఇటాలియన్‌లో అడిగారు.

ఇన్నయ్య బొటనవేలు మళ్ళీ కణుపులెక్కింది. ఎదురుగా గోడ మీద బల్లి ఒక పురుగును పట్టుకుని, తిని, వెళ్ళిపోయింది. చివరికి వాడు తలెత్తి, తనకు వచ్చిన మాటలన్నిట్లోకీ గొప్పదాన్ని ముత్యాల్లా విడదీసి పలికాడు.

"ఇన్... ది... మెన్... తి... కా... బి... లె."

మరపురానిది అని. విరుపుల్లో ఒక్క తప్పు లేదు.

"నిద్ర మరపురానిదా?" అన్నారు స్వామి. "సరే. ఇంక పోయి పడుకో."

ఇన్నయ్య పోలేదు. మెట్టు మీద కూలబడ్డాడు. వాడికి నిజంగానే ఏడుపొచ్చింది. ఎన్నడూ ఏ క్లాసులోనూ రెండో స్థానానికి దిగనివాడు, ఇప్పుడు ఊళ్ళో తల్లికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

"స్వామీ, ప్రతి మాటా ఎక్కడ విరగాలో నాకు తెలుసు. ముందు ముక్కేదో, అసలు మాటేదో తెలుసు. మరి నోరెందుకు రాదు?"

స్వామి కొల్లేటి వైపు తిరిగారు. ఇప్పుడు పెద్ద మాటేదో చెబుతారని ఇన్నయ్య ఎదురుచూశాడు.

"ఆయనొచ్చేది శుక్రవారం కదూ?" అన్నారు స్వామి.

"అవును స్వామీ."

"అయితే చేపలు." లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

శుక్రవారం మాంసం ముట్టరు కాబట్టి చేపలు వండటం కొత్తేమీ కాదు. కానీ వంటింట్లోంచి తెరేజమ్మ గొంతు గట్టు దాకా వినిపించింది.

"పరిగెలా? పెద్దోరు రోము నుంచి వస్తుంటే పరిగెలు వండమంటారేంటి సామీ! ఒంటినిండా ముళ్ళే గదా వాటికి. మీరొచ్చిన కొత్తలో ఆ పరిగెలతో పడ్డ పాట్లు మర్చిపోయారా? ఆ పెద్దాయన గొంతులో ఇరుక్కుంటే ఎవరిది పూచీ? చక్కగా కొర్రమీను తెప్పించండి. పులుసు పెడతాను, ముల్లు అడ్డం రాదు."

"పరిగెలే."

"ఇంకేదన్నా కూరైనా..."

"పరిగెలే, తెరేజమ్మా. చిన్నవి."

తెరేజమ్మ ఆ సాయంత్రమంతా గిన్నెల మీద కోపం చూపించింది. సామికి మతి తప్పిందని కుర్రాళ్ళందరితో అంది. ఇన్నయ్య పట్టించుకోలేదు. వాడిది చేపల సంగతి తలకెక్కే స్థితి కాదు. శుక్రవారం పొద్దున్న జీపు దిగగానే పెద్దాయనకు చెప్పాల్సిన స్వాగతం ఒక్కటి చాలు అనుకున్నాడు. బెన్వెనూతో. బెన్ అంటే బాగా, వెనూతో అంటే వచ్చినవారు. బెన్, వె, నూ, తో. రాత్రి జపంలో కూడా అదే జపం.

జీపు వచ్చింది. ఫాదర్ ఓరెస్తె దిగారు. సన్నగా, పొడుగ్గా, మడత నలగని తెల్ల అంగీలో, ఎండకు కళ్ళు చికిలించి చూస్తున్నారు. ఇన్నయ్య ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచాడు.

"బెన్..."

ఓరెస్తె గారు ఆగి, మర్యాదగా తల వంచి, మిగతా మాట కోసం చూశారు. మిగతా మాట రాలేదు. ఇంకాస్త చూశారు. తర్వాత మెల్లగా వరండా ఎక్కేశారు.

లోపల ఆయన స్వామిని ఇటాలియన్‌లో అడగటం ఇన్నయ్య చెవిన పడింది. వినడానికి మాత్రం వాడికి అడ్డేమీ లేదు, ప్రతి మాటా అర్థమైంది.

"ఈ అబ్బాయికి మాట రాదా?"

"వస్తుంది" అన్నారు స్వామి. "మూడింటికి కూర్చుందురుగాని. ముందు భోంచేద్దాం."

ఇన్నయ్యకు రోము అక్కడే అయిపోయింది. తల్లికి ఏమని ఉత్తరం రాయాలా అని ఆలోచించుకుంటూ భోజనానికి వచ్చి కూర్చున్నాడు. స్వామి వాణ్ణి కుర్రాళ్ళ బల్ల దగ్గర్నుంచి లేపి, తన బల్ల దగ్గర, ఓరెస్తె గారికి సరిగ్గా ఎదురుగా కూర్చోబెట్టారు.

ప్రార్థన అయింది. తెరేజమ్మ అన్నం పెట్టి, పరిగెల పులుసు పోసి, నేను ముందే చెప్పాను అన్నట్టు స్వామి వైపు ఒక చూపు చూసి, గుమ్మం దగ్గర నిలబడింది.

ఓరెస్తె గారు ఫోర్కు అడిగి తెప్పించుకున్నారు. ఒక చేపను అటు గుచ్చి ఇటు గుచ్చి, పైకి కనిపించిన నాలుగు ముళ్ళూ తీసి కంచం అంచున పెట్టారు. అంతే ఉంటాయనుకున్నారు పాపం. పెద్ద ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టారు.

నమలడం ఆగింది. మొహం ఎర్రబడింది. చెయ్యి గొంతు మీదకు పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో చేత్తో గ్లాసు కోసం తడుముకుంటున్నారు.

ఇన్నయ్య గాభరాగా స్వామి వైపు చూశాడు. ఇటాలియన్‌లో నాలుగు మాటలు చెప్పగలిగిన మనిషి అక్కడ ఆయనొక్కరే. కానీ స్వామి నోటినిండా ముద్ద ఉంది. ఆ ముద్ద ఎంతకీ దిగేలా లేదు. ఆయన తీరిగ్గా నములుతూ కిటికీలోంచి బయటకు చూస్తున్నారు.

"ఆస్పెత్తి!"

ఆ కేక ఇన్నయ్యదే. ఆగండి అని. అవతలి బల్ల దగ్గర కుర్రాళ్ళందరూ ఇటు తిరిగారు. ఇన్నయ్య అప్పటికే లేచి, ఓరెస్తె గారి చేతిలోంచి గ్లాసు లాగేసుకున్నాడు.

"నీళ్ళొద్దు! నీళ్ళు తాగితే ఇంకా లోపలికి దిగి కూర్చుంటుంది. ఇదిగో, వట్టి అన్నం. నమలకండి. అలాగే మింగేయండి. ఆ, ఇంకొకటి. ఇంకొంచెం పెద్దది. పియానో, పియానో, మెల్లగా, కంగారు లేదు. వెళ్ళిందా? లేదా? ఇంకొకటి మింగండి!"

ఇదంతా ఇటాలియన్‌లోనే. మొదట పెట్టాల్సింది చివర పెట్టాడు, చివర పెట్టాల్సింది మింగేశాడు. మగ మాటకు ఆడ తోక తగిలించాడు. ఓరెస్తె గారు మాత్రం చంటిపిల్లాడిలా నోరు తెరిచి, వాడు చేసిచ్చిన ముద్దలు ఒక్కొక్కటీ మింగారు. మూడో ముద్దతోనో నాలుగో ముద్దతోనో ముల్లు దిగిపోయింది. ఆయన పెద్దగా ఊపిరి తీసి, కుర్చీలో వెనక్కి వాలి, కంచం దూరంగా నెట్టేశారు.

"ఈ చేప తిని ఇక్కడి జనం ఎలా బతుకుతున్నారు?"

ఆ మాట ఇన్నయ్యకు గుచ్చుకుంది. వాడు పుట్టింది కొల్లేటి ఒడ్డున. పరిగెల్ని పట్టుకుని అంత మాటంటే ఎవరికి మాత్రం పౌరుషం రాదు?

"చేప తప్పేం లేదు పాద్రే! మీరు తినే తీరే తప్పు. ఫోర్కు అవతల పెట్టండి. అలా ముందే..."

ముళ్ళు తీయడాన్ని ఇటాలియన్‌లో ఏమంటారో వాడికి తెలియదు. ముల్లును స్పీనా అంటారని మాత్రం తెలుసు. ఆగి ఆలోచించే తీరిక లేదు. దానికి ముందు, ఉన్నదాన్ని లేకుండా చేసే దిస్ తగిలించి, వెనక ఒక తోక అతికించి విసిరేశాడు.

"...ముందే దిస్పినారె చెయ్యకూడదు!"

"దిస్పి... ఏమిటి?" ఓరెస్తె గారు కళ్ళు తుడుచుకుంటున్నవారల్లా ఆగిపోయారు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఆ పొడుగాటి గంభీరమైన మనిషి పకపకా నవ్వేశారు. "అలాంటి మాట నేనెక్కడా వినలేదు నాయనా. కానీ అర్థమైంది. బాగా అర్థమైంది. సరే, దిస్పినారె చెయ్యను. మరేం చెయ్యాలి?"

"చేత్తో తినండి. కొంచెమే తీసుకోండి. అన్నంతో కలపండి. నోట్లో పెట్టుకుని అంగిలికి మెల్లగా అదమండి. మెత్తనిది లోపలికి పోతుంది, గట్టిది పెదవి దగ్గరికి దానంతటదే వస్తుంది. వచ్చినప్పుడు తీసి పక్కన పెట్టండి. మరీ దాని మీదే మనసు పెట్టకండి, అప్పుడే గుచ్చుకుంటుంది. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. మీ ఇంటి సంగతులు."

ఓరెస్తె గారు భయపడుతూనే ఒక చిన్న ముద్ద పెట్టుకున్నారు. వాళ్ళమ్మ శుక్రవారాలు ఎండు చేప వండేదని, ఇల్లంతా వాసనని తిట్టుకుంటూ తామంతా తినేవాళ్ళమని చెప్పారు. చెబుతుండగానే ఒక ముల్లు ఆయన పెదవి దగ్గరికి వచ్చింది. దాన్ని వేళ్ళతో తీసి, పందెం గెలిచినట్టు అందరికీ చూపించారు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. గుమ్మం దగ్గర తెరేజమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీ అమ్మ?" అని అడిగారు ఓరెస్తె గారు, ఇంకో ముద్ద కలుపుకుంటూ.

ఇన్నయ్య మళ్ళీ తన కంచం ముందు కూర్చుని మొదలుపెట్టాడు. అమ్మ ఊరంతా ఎలా చెప్పుకుందో చెప్పాడు, గేదెతో సహా. కొల్లేరు పొంగిన ఏడు వాళ్ళ ఇంట్లోకి చేపలు ఈదుకుంటూ వస్తే నాన్న మంచం మీద కూర్చుని పట్టిన సంగతి చెప్పాడు. చలికాలం వచ్చే గూడబాతుల సంగతి చెప్పాడు. ఓరెస్తె గారు మధ్యలో అడ్డుపడి అడిగేవారు. వాడు ఆయన్ని ఆపి మరీ చెప్పేవాడు. ఒకచోట మాట దొరక్క బాతులా చేతులాడించి చూపించాడు. ఇంకోచోట తప్పు పలికితే ఓరెస్తె గారు సరిచేశారు, వాడు ఆ సరైనదాన్ని ఒకసారి అనుకుని అదే గుక్కలో ముందుకు పోయాడు.

స్వామి నోట్లో ముద్ద ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. తెరేజమ్మ పులుసు మళ్ళీ పోసింది, ఇంకోసారి కూడా పోసింది.

ఎండ వరండా మీంచి జారిపోయింది. ఓరెస్తె గారు చెయ్యి కడుక్కుని వచ్చి, తుడుచుకుంటూ స్వామితో అన్నారు. "అక్టోబరులో క్లాసులు మొదలు. కాస్త ముందే రమ్మనండి. మందపాటి కోటు ఒకటి తెచ్చుకోమనండి, అక్కడ చలి."

ఇన్నయ్యకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"మరి మూడింటి పరీక్ష?" అన్నాడు ఇటాలియన్‌లో.

"ఇంకానా?" ఓరెస్తె గారు గొంతు తడుముకున్నారు. "నాకు ఇవాళ్టికి చాలు." నడుం వాల్చడానికి అతిథుల గది వైపు వెళ్ళిపోయారు.

స్వామి ఆ మాట తెలుగులో చెప్పగానే కుర్రాళ్ళు కేకలు పెడుతూ బయటకు పరిగెత్తారు, ఈ కబురు జీపు డ్రైవరుకు చెప్పడానికి. బల్ల దగ్గర స్వామి, ఇన్నయ్య మిగిలారు. ఇన్నయ్యకు సంతోషం పట్టలేనంతగా ఉంది. అంతలోనే ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు కూడా ఉంది.

"స్వామీ, నేను చాలా తప్పులు మాట్లాడాను."

"చాలా" అన్నారు స్వామి.

"లేని మాట పుట్టించాను."

"విన్నాను."

"మాటలు ఎక్కడ విరిచానో కూడా చూసుకోలేదు స్వామీ. అసలు గుర్తే లేదు."

స్వామి గడ్డంతో ఇన్నయ్య కంచం వైపు చూపించారు.

ఇన్నయ్య కిందికి చూశాడు. కంచం ఖాళీగా ఉంది. పులుసు చుక్క కూడా లేదు. అంచున ఒక గుప్పెడు ముళ్ళు, వెంట్రుకల్లాంటి సన్నవాటితో సహా, కడిగినట్టు శుభ్రంగా కుప్పపోసి ఉన్నాయి.

"వీటిని ఎప్పుడు ఏరావురా?" అన్నారు స్వామి.

ఇన్నయ్య ఆ కుప్ప వైపు చూశాడు. జవాబు చెబుదామని నోరు తెరిచాడు. బొటనవేలు అలవాటుకొద్దీ కణుపు మీదకు వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. వాడు నోరు మూసుకుని, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు.